ఆయ్ అంటే అవునని కాదు

ఈమధ్య టీకాల ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ఇద్దరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "ఇన్నేళ్లు చేసేరు కదండీ, మాకేదైనా చెప్పండి" అన్నారు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. టీకా ఎలా వెయ్యాలో దొరలు నేర్పుతారు. కచేరీలో ఎవరికి ఎంత వంగి దణ్ణం పెట్టాలో గుమాస్తాలు నేర్పుతారు. నేను నేర్పగలిగినది ఒక్కటే ఉంది. వాంతిభేదితో మనిషి పోయాడంటే ఆ ఇంటికి వెళ్లి, అతను ఏం తిన్నాడో అడగడం.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అంతేనాండీ?" అన్నాడు ఒకడు.

అంతేట! ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా అడగడం చేతకాక, ఏ పాపమూ ఎరగని తల్లీ కూతుళ్లని తీసుకెళ్లి ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసక మేట మీద పారేశారు. ఆ కూతురు నిండు చూలాలు. ఈ సంగతి నోటితో చెప్పబోతే నాకు కోపం ముంచుకొచ్చి మాట తడబడుతుంది. అందుకని రాస్తున్నాను.

చావులెక్క

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఇంకా కుంఫిణీ ఏలుబడే. నా అసలు పని మశూచికి టీకాలు వెయ్యడం. కానీ ఎండలు ముదిరి వాంతిభేది లేచిందంటే, ఊళ్లూ దారులూ తెలిసినవాణ్ణని చావులు లెక్కపెట్టడానికి నన్నే తోలేవారు. మా వైపు ఆ జబ్బుని మరిడి అంటాం. ఆ మాటైనా గట్టిగా అనరు, అమ్మవారు వచ్చిందంటారు. నా పేరు మృత్యుంజయుడు. "పేరేమో మృత్యుంజయుడు గారు, వచ్చేదేమో పీనుగుల లెక్కకి" అని మునసబులు నన్ను వేళాకోళం చేసేవారు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి, తరవాత అలవాటైపోయింది.

మునసబు పంపే కబురులో రెండే ముక్కలుండేవి: ఫలానా మనిషి పోయాడు, అమ్మవారు. ఎక్కడ ప్రాణం పోతే ఆ ఊరి లెక్క. యాత్రకి వెళ్లి, దారిలో ఎక్కడో తిని, గౌతమి దాటి ఇల్లు చేరాక పడిపోయినవాడు తన ఊరి లెక్కలోకే వెళ్లేవాడు. ఒక ఏడు ద్రాక్షారామం తీర్థం నించి తిరిగొస్తూ దారిలో ఒకే పంక్తిలో కూర్చుని తిన్నవాళ్లు, ఇళ్లకి చేరాక ఊరికి ఒకరిద్దరు చొప్పున పోయారు. పై అధికారి ఒకాయన ఆ లెక్క చూసి, "ఈ లంకల్లో గాలే చెడ్డది" అని తేల్చేశాడు. వాళ్లంతా ఎక్కడ తిన్నారని ఆయన అడగలేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ పంక్తిలో మా మేనత్త ఉంది. అప్పటినించీ చెడుగాలి అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక పల్లెల సంగతి. ఊళ్లో పోయినవాళ్లని మునసబు ఇంటిపేర్లతో సహా చెప్పేవాడు. "మరి మాలపల్లెలోనండీ?" అంటే "కొందరు" అనేవాడు. కొందరు అనే అంకె ఏ ఎక్కంలోనూ లేదు. లేచి వెళ్లి చూస్తే ఒక్కో గుడిసెలో దీపం పెట్టే దిక్కు కూడా మిగిలేది కాదు. కాబట్టి కొందరు అన్న మాట చెవిన పడితే అక్కడ కూర్చోకండి, లేచి నడవండి.

ఆయ్ అన్న మాట సంగతి కూడా మొదట్లోనే తెలిసింది నాకు. నేనూ ఈ సీమవాణ్ణే, పుట్టినప్పటినించీ ఆ మాట అంటున్నవాణ్ణే. అయినా ఉద్యోగం వచ్చిందన్న పొగరొకటి ఉంటుంది కదా. కాట్రేనికోన దగ్గర చేపలు పట్టే పల్లెకారుల పాకలకి వెళ్లి, "రేపు పిల్లలకి టీకాలు వేస్తాను, వేయిస్తారా?" అని అడిగాను. అందరూ "ఆయ్" అన్నారు. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. మర్నాడు వెళ్లేసరికి పిల్లలు లేరు, తల్లులు లేరు, పాకల ముందు కుక్కలు మాత్రం ఉన్నాయి. పడవలెక్కి అవతలికి పోయారు! ఆయ్ అంటే, మీరు చెబుతున్నారు, మేం వింటున్నాం అని. పెద్దవాడు మాట్లాడుతుంటే పలక్కుండా నిలబడటం మర్యాద కాదు గనక ఆయ్ అంటారు. అందులో అవునూ ఉండదు, కాదూ ఉండదు.

ఆ రోజు పాకల్లో ఒక్క మనిషి మిగిలింది. ఆమె పేరు పోలమ్మ. ముందురోజు ఆమె ఒక్కతే ఆయ్ అనలేదు. "నొప్పెడతాదా బాబూ?" అని అడిగింది. పెడుతుంది కొంచెం అన్నాను. చంకలో ఉన్న కూతురు నూకాలు చెయ్యి నా ముందుకి చాపింది. నిజంగా ఒప్పుకునే మనిషి తిరిగి ఒక ప్రశ్న అడుగుతుందని పోలమ్మ దగ్గర తెలుసుకున్నాను.

రాయరు గారు

చాలా ఏళ్లకి మా మీద అధికారిగా రాయరు గారని అరవదేశం నించి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. చెన్నపట్నంలో వైద్యం చదువుకున్నారు, తెలుగు కూడా అక్కడే నేర్చుకున్నారు. మా మాట కొంత అర్థమయ్యేది, కొంత అర్థమైందనుకునేవారు.

కానీ ఎంత బుర్ర అనుకున్నారు! ఒకనాడు కొబ్బరితోటలో నడుస్తూ, నేను చచ్చినవాళ్ల లెక్క ఒప్పజెబుతుంటే ఆగమన్నారు. "మృత్యుంజయుడు గారూ, ఈ చెట్టు కింద కుళ్లుకాయలు చాలా ఉన్నాయి. ఆ చెట్టు కింద కొన్నే ఉన్నాయి. ఏ చెట్టు చెడ్డది?"

"ఇదేనండి."

"ఇది ఎన్ని కాయలు కాసిందో తెలుసా మీకు?"

తెలియదన్నాను.

"మరి చచ్చినవాళ్లని మాత్రమే లెక్కపెట్టి ఏం లాభం? ఫలానా తిండి తిన్నవాళ్లు ఎందరు, అందులో పడ్డవాళ్లు ఎందరు? తిననివాళ్లు ఎందరు, వాళ్లలో పడ్డవాళ్లు ఎందరు? రెండువైపులా నూటికి ఎందరో తెలిస్తే అప్పుడు చెప్పాలి ఏ చెట్టు చెడ్డదో."

నేను అక్కడే నిలబడిపోయాను. అన్నేళ్లుగా బతికున్నవాళ్లని నేను లెక్కే చెయ్యలేదు. ఇవాళ మీకది ఆవకాయంత మామూలు సంగతి కావచ్చు, ఆ రోజుల్లో దొరలకి కూడా తట్టలేదు. అలాంటి బుర్ర నేను మళ్లీ చూడలేదు. ఆ బుర్రకి తగిన చెవి మాత్రం దేవుడు ఇవ్వలేదు.

కాలవ గట్టు మీద

కాట్రేనికోన వైపు కాలవ తవ్వుతున్న రోజులు. మట్టి మోయడానికి ఎక్కడెక్కడి జనమో వచ్చారు. పల్లెల కూలివాళ్లు, మగ్గాలు మూలపెట్టి వచ్చిన బండారులంక నేతవాళ్లు, కుటుంబాలతో సహా గట్టు మీద పాకలేసుకున్నారు. పోలమ్మ మొగుణ్ణి అప్పటికే సముద్రం మింగేసింది. ఆమె ఆ గట్టు మీదే పాక వేసుకుని, పీతల పులుసు వండి కూలీలకి అమ్మేది. నూకాలు పురిటికని తల్లి దగ్గరికి వచ్చింది.

ఆ ఎండల్లో అక్కడ మరిడి లేచింది. నేను రాజోలు వైపు టీకాల్లో ఉన్నాను. కబురంది పరుగెత్తుకొచ్చేసరికి గట్టు మీద పార చప్పుడు లేదు. సగం మంది ఊళ్లకి పారిపోయారు. మిగిలిన పాకల్లోంచి ఏడుపులు, మూలుగులు. కాలవలో మోకాలి లోతు మురికినీళ్ల పక్కన శవాలు చాపల్లో చుట్టి ఉన్నాయి. పోలమ్మ పాక ఉండాల్సిన చోట బూడిదా, పగిలిన కుండలూ ఉన్నాయి.

ఆ ఊరి మునసబు ఎదురొచ్చాడు. ఏం జరిగిందండీ అంటే నీళ్లు నమిలాడు.

"పులుసు తిన్నోళ్లకే వచ్చిందని జనం అన్నారండి. రాయరుగారు పాకపాకకీ వెళ్లి అడిగేరు. అందరూ తిన్నామన్నారట. తాసీల్దారు గారు పోలమ్మని పిలిపించేరు."

"పిలిపించి?"

"దాన్నే అడిగేరండి. 'నీ పులుసు తిన్నాకే వీళ్లకి పట్టిందంటున్నారు, విన్నావా' అన్నారు. ఆయ్ అంది. 'నువ్వూ నీ కూతురూ మాత్రం గుండ్రాయిల్లా ఉన్నారు' అన్నారు. ఆయ్ అంది. 'అయితే ఒప్పుకున్నట్టేనా' అన్నారు. ఆయ్ బాబూ అంది. ఇంకెవరేం చేస్తారండి?"

"ఇప్పుడెక్కడుంది?"

"మొగ దగ్గర ఇసక మేట మీద దింపేసొచ్చేరండి. కూతుర్ని కూడానండి."

"నూకాలుకి నెలలు నిండేయి కదండీ!"

"ఆయ్" అన్నాడు మునసబు, నేల చూస్తూ.

ఆ మేట నాకు తెలుసు. చెట్టు లేదు, నీడ లేదు, చుట్టూ ఉప్పునీళ్లే. తాగడానికి మంచినీళ్ల చుక్క దొరకదు. పడవలవాళ్లు అటు వెళ్లకూడదని తాసీల్దారు గారి హుకుం. నేను ఒక పడవవాణ్ణి కాళ్లావేళ్లా పడి బతిమాలి, మంచినీళ్ల కుండలూ బియ్యమూ ఇచ్చి పంపాను. వాడు దూరం నించి మేట కనిపించగానే హడలిపోయి అన్నీ నీళ్లలోకి తోసేసి వచ్చాడు. ఆ సంగతి నాకు తరవాతెప్పుడో తెలిసింది.

లింగధారి పులుసు తిన్నాడట

రాయరు గారు పాకల మధ్యే ఉన్నారు. కళ్లు లోతుకి పోయాయి, తిండీ నిద్రా ఉన్నట్టు లేదు. "ఇంకా కొన్ని పాకలు మిగిలాయి, రండి" అన్నారు. నా నోటి దాకా వచ్చిన తిట్టు మింగి వెంట నడిచాను.

ఒక పాకలో వీరేశం అనే బండారులంక నేతగాడు చాప మీద పడుకుని ఉన్నాడు. జబ్బు పడి లేచాడు, కానీ తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. రాయరు గారు గుమ్మంలో నిలబడి అడిగారు.

"మీరు పోలమ్మ వండిన పీతల పులుసు తిన్నారా?"

"ఆయ్" అన్నాడు వీరేశం, లేవబోతూ.

"మీ తమ్ముడు కూడా తిన్నాడా?"

"ఆయ్."

రాయరు గారు నావైపు చూసి తల ఊపి, పక్క పాకకి కదిలారు. నేను కదల్లేదు. వీరేశం మెడలో లింగం కాయ వేలాడుతోంది. వాళ్ల ఇంట్లో నీరుల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు.

"రాయరు గారూ, ఇలా రండి" అన్నాను. "వీరేశం గారూ, మీరు పీతలు తింటారా?"

పడుకున్న మనిషి ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. "శివశివా! అదేం మాటండీ? చచ్చి ఏ లోకానికెళ్తాం?"

"మరి ఈయన అడిగితే ఆయ్ అన్నారేంటండీ?"

"పెద్దోరు, గుమ్మంలో నిలబడి ఏదో సెలవిస్తున్నారు. ఆయ్ అనకపోతే ఏం బాగుంటాదండి?"

రాయరు గారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మం పక్కన మట్టిలోనే కూలబడి తల పట్టుకున్నారు. "అందరూ అదే మాట అన్నారే" అన్నారు. "నేను అడిగిన ప్రతి మనిషీ అదే మాట అన్నాడే." జబ్బు పడ్డవాళ్లనీ అడిగారు, పడనివాళ్లనీ అడిగారు. అందరూ ఆయ్ అనడంతో, పులుసు తినని మనిషే ఆ గట్టు మీద లేడని, పోల్చి చూడటానికి రెండోవైపే లేదని ఆయన అనుకున్నారు. పద్ధతి సరైనదే. జవాబు జవాబు కాదు.

ఆయన అరవదేశపు మనిషి, తెలియలేదు. ఆయన మీద నాకు కోపం అక్కడే సగం తగ్గిపోయింది. మిగిలిన సగం తాసీల్దారు గారి కోసం దాచుకున్నాను.

తెలిసినవాడు

తాసీల్దారు గారు పందిరి కింద కుర్చీలో కూర్చుని, ముక్కుకి అత్తరు దూది పెట్టుకుని ఉన్నారు. సంగతంతా చెప్పాం. రాయరు గారు తన పొరపాటు ఏమీ దాచుకోకుండా చెప్పారు.

తాసీల్దారు గారిది రాజోలు. ఆయన ఇంట్లో నౌకరు రోజుకి నూరుసార్లు ఆయ్ అంటాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారి ముందు ఆయనా అనే ఉంటారు. నేను ఉండబట్టలేక అనేశాను.

"తమకి తెలియనిది కాదు కదండీ. ఆమె ఆయ్ అన్నది ఒప్పుకోడమా అండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అన్నది ఆయ్ అనే కదయ్యా? కాదనలేదు కదా?"

ఉద్యోగంలో నేను విన్న మాటలన్నిటిలో ఇంతకంటే చెడ్డ మాట లేదు. తెలియనివాడు నేర్చుకుంటాడు. తెలిసి తెలియనట్టున్నవాణ్ణి ఎవరు బాగుచేస్తారు? ఆయన దుర్మార్గుడు కూడా కాదు. కాలవ పని చూసే దొరకి భయపడ్డారు. చేపల కంపు వల్ల గాలి చెడిందని దొర అన్నాడు, చేపల మనిషిని వెళ్లగొడితే దొర సంతోషించాడు. అక్కడితో ఈయన చేతులు దులుపుకున్నారు.

"ఆ పిల్లకి ఇవాళో రేపో పురుడండీ. ముందు పడవ పంపించండి, లెక్క తరవాత చూద్దాం" అన్నాను.

"పులుసు కాకపోతే మరేది? అది తేల్చండి, పడవ పంపిస్తాను. ఊరికే తీసుకొచ్చేస్తే జనం నన్ను బతకనిస్తారా?"

రాయరు గారు నా భుజం పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చారు. "తొందరగా తేల్చాలి" అన్నారు.

మళ్లీ అడిగాం

ఈసారి అడగడం నా వంతు, ఆయన పక్కన నిలబడి వినడం. తిన్నావా అని అడగలేదు. "జబ్బు పడక ముందు పొద్దుణ్ణించీ ఏమేం తిన్నారు, ఎవరు పెట్టేరు, ఎక్కడ కూర్చున్నారు, చెప్పండి" అన్నాం. మా సీమలో తిండి ఊసెత్తితే నోరు ఆగదు. ఏడుస్తూ కూడా చెప్పారు. గంజిలో ఉప్పెక్కువైందనీ, వంకాయ ముదురుదనీ, మామిడిటెంక ఎవరు చీకారనీ. పోలమ్మ పులుసు కొందరు తిన్నారు, చాలామంది తినలేదు. తిన్నవాళ్లలో లేచి తిరుగుతున్నవాళ్లు బోలెడుమంది. గట్టు మీద చూసి, అక్కణ్ణించి పారిపోయినవాళ్లని వెతుక్కుంటూ ఊళ్లు పట్టి తిరిగాం. పులుసు కాదని తేలిపోయింది. మరేదో మాత్రం తెలియలేదు. తిన్నవన్నీ చెప్పారు, అందరికీ కలిసేది ఒక్కటీ లేదు. పొద్దుపోతోంది, పొద్దు పొడుస్తోంది, నూకాలు ఇసకలో ఉంది. నాకు పిచ్చెక్కినట్టయింది.

తిరిగి వీరేశం దగ్గరికే వచ్చాం. "ఆ రోజు నాకు ఉపవాసం అండి. ఏవీ తినలేదు" అన్నాడు.

"మీ తమ్ముడో?"

"వాడూ అంతేనండి. ఇద్దరం ప్రసాదం పుచ్చుకున్నాం, అంతే."

రాయరు గారూ నేనూ ఒకేసారి ఒకరివైపు ఒకరు చూసుకున్నాం. ప్రసాదం తినడమేమిటి, పుచ్చుకుంటారు. తిన్నవేమిటో చెప్పమంటే ప్రసాదం పేరు ఎందుకు చెబుతారు?

అది మరిడమ్మకి పెట్టిన చద్దినైవేద్యం. ఎక్కడో మరిడి లేచిందని విని, అమ్మవారు చల్లబడాలని గట్టు మీద మేస్త్రీలు జాతర చేశారు. ముందురోజు సాయంత్రం గుండిగలతో అన్నం వండి, నీళ్లు పోసి నానబెట్టి, మర్నాడు ఎండ నెత్తి మీదికొచ్చాక మజ్జిగ కలిపి, అమ్మవారికి చూపించి అందరికీ దోసెడేసి పంచారు. నానబెట్టిన నీళ్లు తవ్వుతున్న కాలవలోవి. మాంసం ముట్టనివాళ్లు కూడా భయానికి చేతులు చాపారు. మళ్లీ పాకపాకకీ తిరిగి ఆ ఒక్కటీ అడిగాం. పుచ్చుకున్నవాళ్ల ఇళ్లలోనే ఏడుపులు. పుచ్చుకోనివాళ్లలో ఎక్కడో ఒకటీ అరా. పోలమ్మకీ కూతురికీ ఆ రోజు మైల, మరిది పోయాడు. మైలవాళ్లని అమ్మవారి దరికి రానివ్వలేదు. అందుకని ప్రసాదం అందలేదు, అందుకని బతికారు. బతికినందుకే వాళ్ల మీద నేరం పడింది.

తాసీల్దారు గారి దగ్గరికి వెళ్లాం. అంతా విని ఆయన నవ్వారు. "మరిడమ్మ ప్రసాదం తిని మరిడి వచ్చిందని చెప్పమంటారా? నన్ను ఊళ్లో తిరగనిస్తారా?"

రాయరు గారు నెమ్మదిగా అడిగారు. "తమకి కూడా ప్రసాదం ఇచ్చి ఉంటారు కదండీ. తమరు ఏం చేశారు?"

"కళ్లకద్దుకుని మా బంట్రోతు చేతిలో పెట్టాను."

అని, ఆగిపోయారు. ఆ బంట్రోతు ఆయన దగ్గర చాలా ఏళ్లుగా ఉన్నవాడు. జాతర అయ్యాక పడినవాళ్లలో మొదటివాడు అతనే. తాసీల్దారు గారు ముక్కు దగ్గరి దూది తీసి చేతిలో నలిపారు. చివరికి, "పడవ తీసుకెళ్లండి. ప్రసాదం మాట మాత్రం ఎక్కడా ఎత్తకండి" అన్నారు.

పైకి వెళ్లిన మాట ఏమిటంటే, చెడుగాలి. గుండిగల్లో నానబెట్టే అన్నం ఆ తరవాత కూడా ఎన్నో ఊళ్లలో పంచారు. వీలైన చోటల్లా ఆడవాళ్లని పక్కకి పిలిచి, నైవేద్యం వేడిగా వండి చల్లారబెట్టండమ్మా, అమ్మవారు ఏమనుకోదు అని చెప్పుకుంటూ తిరిగాను. కొందరు విన్నారు. ఆ కొందరూ ఎందరో నాకు తెలియదు.

ఏటి మొగ

పడవ నేనే తీసుకెళ్లాను. రాయరు గారికి ఒళ్లు కాలిపోతోంది, గట్టు మీదే పడుకోబెట్టాం. పడవ నిండా మంచినీళ్లు, బియ్యం, ఒక పాత దుప్పటి, కాట్రేనికోన నించి ఒక మంత్రసాని. దారి పొడుగునా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది. "ఇన్నాళ్లూ ఏం చేసేరండీ మగాళ్లంతా?" అని.

మేట మీద ఒక చాప అడ్డం కట్టి ఉంది. ఆ చాప నీడన పోలమ్మ కూర్చుని ఉంది. పెదాలు పగిలి నల్లబడ్డాయి. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది. నూకాలు కనిపించలేదు. మంత్రసాని నాకంటే ముందు చూసింది. చాప వెనక తడి ఇసక పోసిన దిబ్బ ఒకటి ఉంది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. తల్లీ బిడ్డా ఇద్దరూ అందులోనే ఉన్నారు.

నీళ్లు పట్టించాను. కొంచెం తాగింది. నాకు ఏం చెయ్యాలో తెలియక, వచ్చిన పని చెప్పాను.

"పోలమ్మా, నీ పులుసులో దోషం ఏమీ లేదు. అందర్నీ అడిగి తేల్చేం. ఇంటికి రావచ్చు."

"ఆయ్" అంది.

అది ఎలాంటి ఆయ్ అన్నది నాకు తెలుసు. నేను మాట్లాడుతున్నాను గనక పలికింది, అంతే. విన్నదో లేదో కూడా తెలియదు. పక్కన కూర్చుని, అలవాటైన ప్రశ్నే అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"ఇన్నాళ్లూ ఏం తిన్నారు?"

అప్పుడు నావైపు చూసింది. "పీతలు పట్టేను బాబూ. ఇసక తవ్వితే ఊరిన చవిటినీళ్లు తాగేం, పుల్లలేవో ఏరి వెంట తెచ్చుకున్న కుండలో ఉడకబెట్టేను. నేను తిన్నాను. అది ముట్టుకోలేదు."

"ఎందుకు?"

"'నీ పులుసు తినే కదే అమ్మా అంతమంది చచ్చిపోయేరు' అంది. 'తాసీల్దారు బాబుగారి దగ్గర నువ్వే ఒప్పుకున్నావు కదే' అంది. ఒప్పుకోలేదే తల్లీ, ఊరికే ఆయ్ అన్నానే అని ఎంత చెప్పినా వినలేదు. కడుపులో బిడ్డకి జబ్బు పట్టుకుంటాదని భయపడింది. ఏవీ తినకుండానే నొప్పులు పడింది. ఓపిక లేకపోయింది బాబూ దానికి."

నాకంటే ముందే మంత్రసాని గొల్లుమంది. నూకాలు చిన్న చెయ్యి పట్టుకుని టీకా వేసినవాణ్ణి నేను. ఆ రోజు ఏడవకుండా నావైపే చూసింది. నేను ఏడ్చాను. ఉద్యోగంలో ఉన్నవాడు ఏడవకూడదని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

కాసేపటికి పోలమ్మ నా పై పంచ అంచు పట్టుకుంది.

"ఇందాక ఏదో అన్నారు కదా బాబూ, పులుసులో దోషం లేదని. ఆ మాట దానికి చెప్పండి. నేను చెబితే నమ్మలేదు."

నేను లేచి ఇసక దిబ్బ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కచేరీలో చెప్పినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పాను.

"నూకాలమ్మా, మీ అమ్మ వండిన పులుసులో ఏ దోషమూ లేదు. అందర్నీ అడిగేం. అది తిన్నవాళ్లు బాగానే ఉన్నారు."

నా వెనక నించి, కూతురి బదులు, పోలమ్మ "ఆయ్" అంది.